ఆరియా అన్న నోరు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఉండేది కాదు. మెకానికల్ డిప్లొమా చేతికొచ్చి మూడు నెలలైంది. ఉక్కునగరం క్వార్టర్స్‌లో మా సెక్టారు మొత్తం మీద బోట్ల పనికి వెళ్ళిన మొదటి ఆడపిల్లని నేనే. ఆ గొప్పతో బస్సులో హెల్మెట్‌ను అందరికీ కనబడేలా ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని (దాన్ని యార్డులోనే వదిలి రావాలని రూలుందని తర్వాత తెలిసింది). చేపల రేవు పక్కన బోట్లు బాగుచేసే చిన్న యార్డులో ట్రైనీని. మొదటిరోజే నన్ను కదలకుండా నిలబెట్టేసినవి అక్కడి రెండు మాటలు, హబేస్, ఆరియా.

హబేస్ అంటే బరువును పైకి లేపమని, ఆరియా అంటే కిందికి దించమని. ఈ ఆరియా ఎప్పుడో పోర్చుగీసు ఓడల మీంచి దిగి మన ఖలాసీల నోట్లో స్థిరపడిపోయిందంటారు. మా యార్డులో ఆ మాటలనే హక్కు ఒక్క సరంగు తాతదే (సరంగంటే ఖలాసీలకు పెద్ద). భీమునిపట్నం మనిషి, గుప్పెడంత ఉండేవాడు. ఆయన "ఆరియా..." అని సాగదీస్తే టన్ను ఇనుము గాలిలో సాఫీగా జారుకుంటూ వచ్చేది. "ఆరియా" అని తుంచితే వేలెడు దిగి ఆగిపోయేది. అంత బరువు అంత మెత్తగా ఒక ముసలాయన మాట వినడం చూసి నేను నోరు తెరుచుకుని ఉండిపోయేదాన్ని. తర్వాత తెరిచిన నోరు మూసుకుని, రెండు మాటలూ నోట్‌బుక్‌లో రాసుకుని, ఎదురుగా అర్థాలు రాసేసి, ఇక ఈ విద్య నాకు వచ్చేసిందనుకున్నాను.

జూన్‌లో వేట నిషేధం ముగిసే ముందురోజు జరిగిందిది. బోటు అక్క అని మేం పిలిచే ఒకావిడ బోటు ఇంజను మా యార్డులో బాగైంది. ఆ మధ్యాహ్నం దాన్ని తిరిగి బోటులోకి దించాలి. దించకపోతే మర్నాడు బోటు సముద్రానికి వెళ్ళదు. వెళ్ళకపోతే వేటకెళ్ళే ఆరుగురూ వేరే బోటు ఎక్కేస్తామని మొహం మీదే చెప్పేశారట. సీజను మొదట్లో పోయిన మనుషులు మళ్ళీ ఎక్కడొస్తారు? పాపం, ఆవిడ గట్టు మీద నిలబడి కొంగు వేళ్ళకు చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

ఇంజను గది ఇరుకు. ఇంజను సరిగ్గా బోల్టుల మీద కూర్చునేలా దారి చూపించడానికి సరంగు తాత తనే అందులోకి దిగాడు. లోపలి నుంచి మామూలుగా చెప్పే మాట రొదలో క్రేన్ నడిపేవాడికి వినబడదు కాబట్టి నన్ను డెక్ మీద నిలబెట్టాడు.

"నాను కిందనుండి ఏటంటే నువ్వు పైన అదే అను. నీ సొంతం ఒక్క ముక్క కలపకు. తెలిసిందా?"

"తెలిసింది తాతా" అన్నాను.

మొదట్లో అంతా బాగానే నడిచింది. తాత అన్నది నేనన్నాను, నేనన్నదానికి ఇంజను దిగింది. నా మాటకి! ఒళ్ళు జలదరించింది. ఇంకో మూరెడు ఉందనగా కింద నుంచి మాట ఆగిపోయింది. ఒక నిమిషం, రెండు నిమిషాలు.

"ఏటమ్మా, ఆగిపోనాది? ఏటైనా అయిపోనాదా?" అంది గట్టు మీంచి అక్క, ఏడుపు గొంతుతో.

ఆవిడకి ధైర్యం చెప్పాలనిపించింది. అబద్ధమెందుకు, నా ప్రతాపం చూపించాలని కూడా అనిపించింది. అచ్చం తాతలాగే చేయెత్తి, వేళ్ళాడించి, గుండెల నిండా గాలి పీల్చుకుని "ఆరియా..." అని సాగదీశాను.

క్రేన్ బావ తప్పేమీ లేదు (ఆ క్రేన్ నడిపేవాణ్ణి యార్డంతా బావా అనే పిలిచేది). పైనున్న నోటిని నమ్మడమే అతని పని. ఇంజను జర్రున జారింది. "బస్!" అని లోపలి నుంచి ఒక్క కేక. ఆ గుప్పెడు మనిషిలో అంత గొంతు ఎక్కడ దాగుందో గానీ, రేవంతా వినబడింది. ఇంజను టక్కున ఆగి గొలుసుల మీద ఊగింది.

తాత పైకొచ్చాడు. తన రెండు చేతులూ చూసుకున్నాడు. నేనూ చూశాను, పది వేళ్ళూ ఉన్నాయి. బోల్టు కింద వాషరు సరిచేస్తున్నాడట, అందుకే మాట్లాడలేదట. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను.

"నువ్వు దిగు" అన్నాడు.

"ఎక్కడికి తాతా?"

"నానున్న కాడికి. సేతులు బోల్టుల కాడ ఎట్టకు. గోడకానుకొని సూసి సెప్పు, సాలు."

దిగాను. ఆకాశం ఉండాల్సిన చోట ఇంజను నల్లటి అడుగుభాగం. ఆయిలు వాసన. పైనుంచి తాత "ఆరియా" అని తుంచాడు. వేలెడు దిగింది. "కొంచెం కుడికి తాతా" అన్నాను. కుడికి జరిగింది. మళ్ళీ "ఆరియా". మళ్ళీ వేలెడే. ఆయన క్రేన్‌కి చెబుతున్నాడని ఇన్నాళ్ళూ అనుకున్నాను. కాదు, కిందున్న నాకు చెబుతున్నాడు, ఇంతే వస్తుంది, భయపడకు అని. నాలుగు బోల్టులూ నాలుగు కన్నాల్లోకి చప్పుడు లేకుండా దూరిపోయాయి. దణ్ణం పెట్టాలనిపించింది గానీ తాతకా, క్రేన్‌కా, ఆ మాటకా అన్నది తేలలేదు.

నేను పైకొచ్చేసరికి బోటు అక్క నవ్వుతూ కళ్ళు తుడుచుకుంటోంది. ఆరుగురూ అప్పుడే ఐసు పెట్టెలు మోసుకొస్తున్నారు. ఇక ఖాళీ కొక్కేన్ని పైకి లేపడమే మిగిలింది.

"ఇప్పుడు నువ్వను" అన్నాడు తాత.

కిందికి చూశాను. ఎవరూ లేరు. మళ్ళీ చూశాను. హబేస్ అందామని నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు.

"గట్టిగా సెప్పండి మేడమ్, ఇనబడ్లేదు!" అన్నాడు క్రేన్ బావ. ఐసు మోసేవాళ్ళు పెట్టెలు దించి మరీ నవ్వారు.

తాత మాత్రం నవ్వలేదు. "ఆగరా, కింద సూసుకుంటంది. సూసుకోనీ" అన్నాడు.

ఇప్పుడు ఇంకో యార్డులో నేనే ఇన్‌ఛార్జిని, చేతిలో వాకీటాకీ. మేడమ్ ఆరియా అనేలోపు టీ తాగి రావచ్చని కుర్రాళ్ళు గుసగుసలాడుకుంటారు. డెక్ మీద చేయెత్తి నిలబడ్డ ఆ పిల్ల గుర్తొచ్చి నాకు నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా. తాగి రండి నాయనా, అంటాను. ఈలోగా నేను కిందికి ఇంకోసారి చూసుకుంటాను.