అత్తమ్మకు ఈత నేర్పిన పొద్దు

పొలంలో పడుకోవడానికి డబ్బు కట్టడమేమిటని మొదట నవ్వింది నేనే. మా పుట్టింటి పొలం రావల్కోల్‌కు కూతవేటు దూరంలో ఉంది. అక్కడికి రమ్మంటే మా ఆయనకు ఎప్పుడూ ఏదో పని అడ్డం పడుతుంది. అదే రావల్కోల్ పక్కన, ఫోన్‌లో చూసి బుక్ చేసిన ఫామ్‌స్టే అనేసరికి రెండు రోజుల సెలవు దానంతటదే దొరికింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా? సరేనని పేట్ బషీరాబాద్‌లోని మా అపార్ట్‌మెంట్ నుంచి నలుగురం బయల్దేరాం. నేను, మా ఆయన, తొమ్మిదేళ్ళ మా పాప, మా అత్తమ్మ.

పొలం పనుల్లో నాకు రానిది లేదు. ఆ పొగరు కూడా నాకు కొంచెం ఎక్కువే. మొదటిరోజు పొద్దున అక్కడ పిల్లలతో వంకాయలు తెంపిస్తుంటే, ఎలా తెంపాలో చూపించే మనిషికే నేను పాఠం చెప్పాను. మా ఆయన పార పట్టుకొని ఫోటో దిగబోతే, పార తిరగేసి పట్టుకున్నావని నలుగురిలో నవ్వాను. పాపను ఎడ్లబండి ఎక్కించి, కాసేపు పగ్గాలు నేనే తీసుకున్నాను. వేపచెట్టు కింద కుర్చీలో కూర్చున్న అత్తమ్మ "నీ నోటికి తాళం లేదు బిడ్డా" అంది. నవ్వుతూనే అంది.

సాయంత్రం శామీర్‌పేట చెరువు చూడ్డానికి వెళ్ళాం. అత్తమ్మ పుట్టిల్లు ఆ చెరువు అవతలి ఒడ్డునే. వాళ్ళది తాతల నాటి నుంచీ చేపలు పట్టే ఇల్లు. నా పెళ్ళయి పదహారేళ్ళయింది. ఈ పదహారేళ్ళూ మా చుట్టాలందరికీ నేను ఒకటే మాట చెప్తూ వచ్చాను, మా అత్తమ్మ చేపపిల్ల, వదిలితే ఈ చెరువు మొత్తం ఈదేస్తుందని. ఆరోజు కట్ట మీద మక్క కంకులు తింటూ పాపకూ అదే చెప్పాను.

"నిజమా అవ్వా? గా ఒడ్డు దాక ఈదుతవా?" అని పాప అడిగింది.

అత్తమ్మ కంకి తినడం ఆపింది. "నాకు ఈత రాదు బిడ్డా."

పరాచికమాడుతోంది అనుకున్నాను. ముఖం చూస్తే కాదని తెలిసింది.

"చెరువుల దిగేది మొగోళ్ళే. మా నాయిన, మా అన్నలు వల ఏస్తుండె. నేను, మా అమ్మ ఒడ్డుకు నిలవడి చేపలేరి, గంపలకెత్తుకొని మేడ్చల్ అంగడికి పోతుంటిమి. మోకాళ్ళ లోతు దాటి నేనెన్నడు లోపటికి పోలే. పోతే మా నాయిన తాడుతోటి కొడుతుండె." చేతిలో కంకితో చెరువు నడుమకు చూపించింది. "కాళ్ళకు నేల అందకుంట ఒక్కపారన్న దిగాల్నని మస్తు ఉండె. ఇగ గిప్పుడేంది, అరవై దాటినయ్. పోదాం పా."

నాకు సిగ్గేసింది. ఇన్నేళ్ళు ఆమె పేరు చెప్పి నేను డప్పు కొడుతుంటే ఆమె ఒక్కసారీ కాదనలేదు. నీకు ఈత వచ్చా అని అడగాలని నాకు తోచనూ లేదు. చేపల ఇంటి ఆడబిడ్డకు ఈత రాకుండా ఎలా ఉంటుందని నా అంతట నేనే అనుకున్నాను. కారెక్కే లోపే నిర్ణయం తీసుకున్నాను. మేం దిగిన చోట పాత వ్యవసాయ బావి ఒకటి ఉంది. పూడిక తీసి, మెట్లకు ఇనుప కడ్డీ పెట్టి, వచ్చిన పిల్లలకు ఈత కోసం వదిలారు. రేపు పొద్దున అనుకున్న జింకల పార్కు రద్దు, అత్తమ్మను తీసుకొని బావికి పోతున్నాం అని ప్రకటించాను.

"అమ్మకు బీపీ ఉన్నది. నీకేమన్న పిచ్చా?" అన్నాడు మా ఆయన బండి నడుపుతూ.

"గోలీ ఏస్కుంటది. నేను పక్కన్నే ఉంట."

"నలుగురు జూస్తే ఏమంటరు?"

"నలుగురిని గట్టు మీద కూసోని జూడమను. దిగేది మేం."

అత్తమ్మ వెనక సీట్లో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. వద్దని మాత్రం అనలేదు. నాకది చాలు.

తెల్లారి చీరతో నీళ్ళలోకి దిగితే కాళ్ళకు చుట్టుకుంటుందని నా పంజాబీ డ్రెస్సు ఇచ్చాను. పుట్టి బుద్ధెరిగి ఆమె అలాంటిది తొడుక్కోలేదు. గదిలోంచి బయటికి రావడానికే పావుగంట పట్టింది. "గీ లాగు మీద నన్ను మా ఊరోళ్ళు జూస్తే ఊర్లెకు రానియ్యరు" అంటూనే, అద్దంలో ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంది. టమాటా మడుల గట్టు మీదుగా నలుగురం వరసగా నడిచాం. మా ఆయన ముఖం మాడ్చుకొని చివర్న వచ్చాడు.

బావి దగ్గరుండే మనిషి మమ్మల్ని చూసి చేతులు అడ్డం పెట్టాడు. "పెద్దమ్మను దింపకుండ్రి మేడం. ఏమన్నయితే నా మీదికొస్తది. లైఫ్ జాకెట్లు గూడ పోరగాండ్ల సైజువే ఉన్నయ్."

"నువ్వు ఈత ఎట్ల నేర్చుకున్నవే అన్నా?" అని అడిగాను.

"డబ్బా కట్టుకొని."

"నేను గూడ గంతే. ఒక డబ్బా తే."

తల గోక్కుంటూ వెళ్ళి ఖాళీ నూనె డబ్బా, పొడుగాటి మోకుతాడు తెచ్చాడు. మూత గట్టిగా బిగించిన ఖాళీ డబ్బా వీపున ఉంటే మనిషి మునగడు. మా ఊళ్ళో అందరం అలాగే నేర్చుకున్నాం. నా చున్నీతో అత్తమ్మ వీపుకు డబ్బా కట్టాను. మోకు ఒక కొస ఆమె నడుముకు చుట్టి, రెండో కొస అతని చేతికిచ్చాను. ముడి రెండుసార్లు లాగి చూశాను.

నేను ముందు నీళ్ళలోకి దిగి చెయ్యి అందించాను. అత్తమ్మ మూడు మెట్లు దర్జాగా దిగింది. నాలుగో మెట్టు మీద నీళ్ళు నడుముకు తగలగానే ఆగిపోయింది. నా చెయ్యి పట్టుకున్న పట్టుకు ఆమె గాజులు నా మణికట్టులో దిగాయి.

"చెయ్యి ఇడువకు బిడ్డా."

నాకు ఈత నేర్పింది మా నాయిన. డబ్బా కట్టి గట్టు మీంచి నీళ్ళలోకి తోశాడు, అంతే. నేర్పడమంటే నాకు తెలిసింది అదొక్కటే. అత్తమ్మను నేనెలా తోస్తాను? చెయ్యి వదిలితే భయపడుతుంది, వదలకపోతే ఈత రాదు. నిన్న పొద్దున్నుంచీ ఊరందరికీ పాఠాలు చెప్పిన దాన్ని, ఆ నాలుగో మెట్టు దగ్గర నాకు ఏం చేయాలో తెలియలేదు. ఆమె ఎదురుగా నీళ్ళలో తేలుతూ రెండు చేతులూ పట్టుకొని ఊరికే ఉన్నాను. పై నుంచి మా ఆయన "ఇగ సాలు అమ్మా, సలి వెడ్తది, పైకి రా" అని మూడుసార్లు పిలిచాడు. మూడోసారికి అత్తమ్మ తలెత్తి కొడుకు వైపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఇగ ఇడువు," అంది.

వదిలాను. మెట్టు మీంచి ఆమె కాళ్ళు లేచాయి. గడ్డం మునిగింది, గుక్కెడు నీళ్ళు మింగి దగ్గింది. మా ఆయన చెప్పులతోనే మెట్లు దిగి ఉరికొచ్చాడు. అప్పటికే డబ్బా ఆమెను పైకి తేల్చింది. "కాళ్ళు కొట్టు అత్తమ్మా! నీళ్ళను ఎనుకకు తొయ్యి!" అని అరిచాను. కొట్టింది. దాన్ని ఈత అంటే ఈతగాళ్ళు ఒప్పుకోరు గానీ మనిషి ముందుకు కదిలింది. నేను పక్కనే ఈదుతున్నాను, ముట్టుకోలేదు. బావి నట్టనడుమకు వచ్చింది. అక్కడ నాలుగు నిలువుల లోతు ఉంటుందని బావి మనిషి ముందే చెప్పాడు, ఆమె విన్నది కూడా. అయినా ఆగలేదు. అవతలి గోడలోంచి పొడుచుకొచ్చిన రాయిని రెండు చేతులా పట్టుకుంది.

పాప గట్టు మీద ఎగురుతోంది. నేను ఏడుస్తున్నాను. అంత సంతోషం పట్టలేకపోయాను. అత్తమ్మ కూడా నవ్వుతుందనుకున్నాను. ఆమె నవ్వలేదు. రాయి పట్టుకొని రొప్పుతూ, తను దాటి వచ్చిన నీళ్ళను తిరిగి చూసింది. ఆమె ముఖంలో అంత కోపం నేనెప్పుడూ చూడలేదు.

"గింతేనా?" అంది. "గింత దానికేనా నన్ను దిగనియ్యలే?"

ఆమె జవాబు కోసం ఆగలేదు. గోడను కాలితో తన్ని మళ్ళీ లోతులోకి వచ్చింది.