గట్టయ్య కేక

గట్టయ్య బొగ్గుబాయిలో షాట్‌ఫైరర్. మందు పేల్చేముందు "పక్కకు జరుగుండ్రి!" అని గొంతు చించుకుని అరవడం ఆయన డ్యూటీ. ఆ అలవాటు గోదావరిఖని క్వార్టర్‌లోకీ వచ్చింది. కుక్కర్ కూత వేయబోతున్నా అరుస్తాడు. దీపావళికి గల్లీలో ఎవరు పటాకులు కాల్చినా ముందుగా ఆయనకు చెప్పాల్సిందే. ఆయన కేకెయ్యగానే కుక్క జాకి మంచం కిందికి దూరి, చప్పుళ్లయ్యాక తోకాడిస్తూ బయటికొచ్చేది. కేక వినబడనంతసేపూ నడివాకిట్లో కాళ్లు చాపుకుని నిశ్చింతగా పడుకునేది.

ఆ ఏడు పండక్కి వచ్చిన బామ్మర్ది తిరుమల, గట్టయ్య లోపల కొత్త అంగీ తొడుక్కుంటుండగా, నిద్రపోతున్న జాకి పక్కనే లక్ష్మీబాంబు పెట్టి ముట్టించాడు. గట్టయ్య బయటికి ఉరికొచ్చేసరికి జాకి గల్లీ దాటిపోయింది.

"నాకు చెప్పకుంట ఎట్ల ముట్టిచ్చినవ్ రా?"

"కుక్కనే గద బావా, ఎట్ల ఎగురుతదో చూద్దమని," నవ్వాడు తిరుమల.

మర్నాడు జాకి గేటు దాకా వచ్చి ఆగిపోయింది. పక్క గల్లీలో పిల్లలు మిగిలిన పటాకులు బయటికి తీస్తున్నారు.

"జాకీ, జల్ది లోపటికి రా బిడ్డా! జరుగు!" గట్టయ్య గొంతు పోయేలా అరిచాడు.

అది ఆయన మొహంలోకి చూసి, వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. బాంబు ఎవరు పెట్టారో దానికి తెలియదు. కేక వెయ్యనిది ఎవరో తెలుసు.