ఇద్దరే మాట్లాడిన భాష

గేటు గడియ మీద చెయ్యి వేశానో లేదో లోపలి నుంచి ఒక మాట వినిపించింది. "లిప్మ." తర్వాత నిశ్శబ్దం, గ్లాసుడు నీళ్లు నెమ్మదిగా తాగేంత సేపు. మళ్లీ, "బుమ్ల." మళ్లీ నిశ్శబ్దం. అది తెలుగు కాదు, హిందీ కాదు. హల్బీ, గోండీ మా గనుల ఊరు కిరందుల్ బజారులో రోజూ చెవిన పడేవే, అవీ కావు. ఎవరో వరసగా పేర్లు పిలుస్తున్నట్టు, ఎవరూ పలకనట్టు ఉంది.

"ఏటమ్మా, గేటు కాడే నిలబడిపోనావు? రా, కూకో."

అప్పలకొండమ్మ బయటికొచ్చింది. అరవై ఏళ్లుంటాయి. గని క్యాంటీన్‌లో ముప్పై ఏళ్లు రొట్టెలు ఒత్తిన చేతులు, ఇప్పుడా చేతుల్లో ఒక నోటుపుస్తకం. లోపల కిటికీ పక్కన, దిండ్లకు ఆనుకుని ఆమె చెల్లెలు చిన్నమ్మి కూర్చుని ఉంది. దసరా వెళ్లిన వారానికి జగదల్‌పూర్‌లో చిన్నమ్మికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. మాట పోయింది. ఆసుపత్రి నుంచి అక్క ఇక్కడికి తెచ్చుకుంది. పక్క వీధి నుంచి చూసి పోదామని వచ్చాను నేను.

"ఆ మాటలేంటండీ?" అని అడిగాను.

"మా బాస," అంది అప్పలకొండమ్మ, కొంచెం సిగ్గుపడుతూ. "నానూ ఇదీ కట్టుకున్నాం, సిన్నప్పుడు."

వాళ్ల నాన్న సన్యాసిరావు బొబ్బిలి వైపు నుంచి వచ్చిన గ్యాంగ్‌మన్. రైల్వే క్వార్టర్ ఒకే గది, పిల్లలిద్దరూ. తెలుగులో గుసగుసలాడితే అమ్మకు తెలిసిపోయేది. హిందీలో అయితే కొట్టువాడికి, హల్బీలో అయితే పాలమ్మే ఆమెకి, గోండీలో అయితే కట్టెలు తెచ్చే పొజ్జాకి. ఆ కాలనీలో ఏ భాషా ఒక రహస్యాన్ని సాయంత్రం దాకా దాచలేకపోయేది. అందుకని ఎనిమిదేళ్ల అక్క, ఆరేళ్ల చెల్లెలు ఒక వేసవి సెలవుల్లో, గూడ్సు బండ్ల చప్పుడు వింటూ మెట్ల మీద కూర్చుని కొత్త భాష మొదలుపెట్టారు.

లిప్మ అంటే కుళాయి నీళ్లు. వానాకాలం కొండ మీంచి ఎర్రగా దిగే నీళ్లు వేరు, వాటిని తొంబీరు అనాలి. రెండూ ఒక్కటే ఎలా అవుతాయి, ఒకటి తాగుతాం, ఒకటి చూస్తాం అంది అప్పలకొండమ్మ. బుమ్ల అంటే సొరంగం. భయం అన్నా అదే మాట, ఎందుకంటే రైల్లో కళ్లు మూసుకున్నది అక్కడే. వెక్కొ అంటే నాన్న.

"మరి జరిగిపోయింది, జరగబోయేది ఎలా చెప్పేవారు?"

"బండిని బట్టి. లోడు బండి ఎల్లిపోద్ది కదా ఇశాపట్నం, ఇంక మనది కాదు. అందుకని అయిపోయిన మాట సివర 'లో'. ఖాళీ బండి నింపుకోడానికొస్తాది. రాబోయేదానికి 'ఖా'. జమ్‌లో, తినేసినాం. జమ్‌ఖా, తింటాం."

"ఇప్పుడు తింటున్నాం అంటే?"

"తింటన్నప్పుడు మాటలేటి? తినాల." ఆమె నవ్వింది. "అక్కా సెల్లీ కూడా నేవు మా బాసలో. పేర్లే. తెలుగులో అక్కా అని నసిగేది, బాసలోకి దిగితే నన్ను పేరెట్టి తిట్టీది గుంట."

మంచం మీద గుంట కిటికీ వైపే చూస్తోంది. అరవైకి దగ్గరపడిన గుంట. బయట ఇనపరాయి ధూళి పట్టిన జామచెట్టు మీద ఎండ ఆడుతోంది. ఆ కళ్లలో ఆ ఎండ ఉంది, అంతకు మించి ఏమీ కనిపించలేదు.

ఆ భాషకు ఒకే కట్టుబాటు ఉండేదట. ఒకరు మాట పుట్టిస్తే సుద్దముక్కతో గోడ మీద రాయాలి. రెండోవాళ్లు ఒప్పుకుంటే ఉంటుంది, నచ్చకపోతే తుడిచేస్తారు. తుడిచాక ఏడవకూడదు, వాదించకూడదు.

టీ పెట్టే నెపంతో అప్పలకొండమ్మ నన్ను వంటింట్లోకి తీసుకెళ్లింది. చిన్నమ్మి పెనిమిటి పోయాడు, పిల్లలు లేరు. పెనిమిటి అన్న కొడుకు చిన్నారావు విశాఖలో ఉంటాడు. పిన్నికి ఎవరూ గుర్తులేరు, మంచం పట్టినవాళ్లను చూసుకునే ఆశ్రమంలో చేర్పిస్తాను, ఆదివారం వచ్చి తీసుకెళ్తాను అని ఫోన్ చేశాడట.

"ఎక్కడున్నా ఒకటే కదా పెద్దమ్మా, దానికేటి తెలుస్తాది అంటన్నాడు. నాను సెప్పడానికేటుంది? తెలుగులో పిలిచాను, హిందీలో పిలిచాను, బొమ్మలు సూపించాను. గోడకి సెప్పినట్టే. లోపల ఉందో నేదో నాకే తెల్దు." పాలు పొంగబోతే మంట తగ్గించింది. "అందుకే ఈ పుస్తకం. అన్నీ గుర్తు రానేదు తల్లీ. మర్చిపోయిన కాడ నానే కల్పించి ఎట్టాను. పుల్ల ఇరిసినంత తేలిగ్గా పుట్టుకొచ్చాయి, అదే సిగ్గు."

టీ గ్లాసులతో తిరిగి వచ్చి ఆమె మంచం మీదే కూర్చుంది. పుస్తకం చెల్లెలి ఒడిలో తెరిచింది. చదువంతా ఇక్కడి బడిలోనే కాబట్టి అక్షరాలన్నీ హిందీవి. వేలు పెట్టి చదవసాగింది.

"వెక్కొ. నాన్న." నిశ్శబ్దం.

"తొంబీరు." నిశ్శబ్దం.

"కిచ్చిలి. జామకాయ."

చిన్నమ్మి ఎడమ చెయ్యి కదిలింది. దుప్పటి మీద నెమ్మదిగా పాకి, పుస్తకం అంచు పట్టుకుంది. అరచెయ్యి ఆ మాట మీదికి చేరి అటూ ఇటూ రుద్దింది. పెన్నుతో రాసింది పోలేదు. మళ్లీ రుద్దింది.

"ఏటే, తప్పా?" అంది అప్పలకొండమ్మ. నా వైపు చూసి పెదవులు మాత్రం కదిపింది, నానే కల్పించినాను అని.

తర్వాతి మాటకు ఆ చెయ్యి కదలలేదు. దాని తర్వాతిదానికీ కదలలేదు. "దూపిసి. ఉత్తరం," అనగానే మళ్లీ రుద్దింది, ఈసారి కోపంగా. అదీ కల్పించిందే. అప్పలకొండమ్మ పుస్తకం మూసేసి, చెల్లెలి ముఖంలో ముఖం పెట్టి, కావాలనే అంది: "వెక్కొ అంటే అమ్మ."

చిన్నమ్మి గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. మాట కాదు. పెద్దదాన్ని చిన్నది ఈసడించినప్పుడు ముక్కుతో తీసే చప్పుడు. అప్పలకొండమ్మ నవ్వుతూ కొంగుతో కళ్లొత్తుకుంది. టీ చల్లారిపోయింది.

నేను లేచాను. ఆమె గేటు దాకా వచ్చింది.

"సిన్నారావుకి ఫోన్లో సెప్తే నమ్మడమ్మా. రానీ. ఆడి కళ్ల ముందే సదువుతాను. అయితే ఈ తప్పులు దానికి తెలిసిపోనాయి, ఆదివారానికి కొత్త తప్పులు కావాల. నువ్వు కూడా రెండు ఆలోసించి ఎట్టు తల్లీ."