గాలం విసరని వేళ

మొన్న గడ్డిఅన్నారంలో పంక్చర్లు వేసే చోట స్కూటర్ ఆపాను. బండికి ఏమీ కాలేదు, నాకు పాత సైకిల్ ట్యూబు ముక్క ఒకటి కావాలి. అతను ఎవరిదో ట్యూబును గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. ఆ రబ్బరు వాసనా, దానిమీద పూసిన సొల్యూషన్ ఘాటూ కలిసి ముక్కుకు తగలగానే నా మనసు దిల్‌సుఖ్‌నగర్‌లో మేము అద్దెకున్న ఇంటి డాబా మీదికి వెళ్ళిపోయింది. ఎదురుగా యాదగిరి గారు కూర్చుని, చేతిలో కత్తెరతో, ట్యూబును వేలెడంత ముక్కలుగా కోస్తున్నారు.

యాదగిరి గారిది మా పక్క వాటా. నల్గొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి, ముప్పై ఏళ్ళకు దగ్గరగా బస్సు నడిపి రిటైరయ్యారు. నేను తెనాలి నుంచి వచ్చి ఇక్కడి కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేవాణ్ణి. వయసులో నాకు తండ్రంతటి మనిషి. అయినా పాఠాలు చెప్పేవాడినని నన్ను సార్ అనే పిలిచేవారు, వద్దన్నా మానలేదు. రోజుకు ఆరు క్లాసులు చెప్పి నా గొంతు పూర్తిగా బొంగురుపోయినప్పుడు, వారానికి ఒక్క రోజైనా నోరు మూసుకుని ఉండమన్నాడు డాక్టరు. ఆ సంగతి మెట్ల దగ్గర వాళ్ళ ఆవిడతో మా ఆవిడ అన్నదట. ఆ ఆదివారం పొద్దున్నే యాదగిరి గారు తలుపు తట్టి, తన రెండో గాలం కర్ర నా చేతిలో పెట్టి, చెరువు దగ్గర మాట్లాడే పని ఉండదన్నారు. అలా మొదలైంది. ఎల్బీ నగర్లో బస్సెక్కి, చౌటుప్పల్ దాటాక దిగి, చెరువు సంఘం వాళ్ళ అనుమతితో కట్ట మీద కూర్చునేవాళ్ళం.

మేము వాడేది వానపాము ఎర కాదు. కొర్రమీను కోసం మెత్తటి ప్లాస్టిక్ కప్ప, లేదంటే రంగులు వేసిన ప్లాస్టిక్ చేపపిల్ల. ఆ చేపపిల్లకు పొట్ట కింద ఒకటి, తోక దగ్గర ఒకటి, మూడేసి కొనలున్న కొక్కేలు వేలాడుతుంటాయి. నీళ్ళలో ఉన్నంతసేపూ వాటితో ఇబ్బంది లేదు. గాలం విసరకుండా, కర్ర భుజాన వేసుకుని నడిచేటప్పుడే వాటితో ప్రమాదం. మొదట్లో నేను ఆ కొక్కేన్ని కర్ర పొడవునా దారం పోయే రింగుల్లో ఏదో ఒకదానికి తగిలించేసేవాణ్ణి. అలా చేస్తే రింగు లోపల గీతలు పడి, ఆ గీతలే దారాన్ని కోస్తాయని యాదగిరి గారు ఒకసారి చెప్పారు. నేను పెద్దగా పట్టించుకోలేదు. కొన్ని వారాలకు, చేతికందబోయిన పెద్ద కొర్రమీను ఒడ్డుకు రెండు బారల దూరంలో దారం తెంచుకుపోయింది. ఆయన లేచి వచ్చి, తన తువ్వాలు అంచు నుంచి ఒక పోగు లాగి నా కర్ర రింగులో తిప్పారు. పోగు గీతలో చిక్కుకుంది. అది నాకు చూపించి, వెళ్ళి తన చోట కూర్చున్నారు. నేను సిగ్గుపడ్డాను గానీ, పోయింది చేపే కదా అనుకున్నాను.

రెండో పాఠం అంత చవకగా రాలేదు. ఒకరోజు తిరుగు ప్రయాణంలో అలసిపోయి, ప్లాస్టిక్ చేపను అలాగే వేలాడనిచ్చి బస్సెక్కాను. ఎల్బీ నగర్లో దిగేటప్పుడు నా ముందు ఒక పెద్దావిడ, బత్తాయిల సంచీతో. ఆవిడ కొంగుకు నా కొక్కెం పట్టుకుంది. నేను చూడలేదు. ఆవిడ ఒక కాలు కింద పెట్టింది, అంతలో బస్సు కదిలింది. కొంగు బిగుసుకుని ఆవిడ వెనక్కి తూలింది. ఆ క్షణంలో యాదగిరి గారు వేసిన హోల్డాన్ కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. బస్సు ఆగింది. ఆయన జేబులోని గోళ్ళ కత్తెరతో దారం తెంపి, కొక్కెం విడదీసి, ఆవిడను చేయి పట్టుకుని దింపి, బత్తాయిలన్నీ ఏరి సంచీలో వేశారు. ఆవిడ తిట్టిన తిట్లన్నీ రెండు చేతులూ జోడించి తనే పడ్డారు. తప్పు ఈయనదని నా వైపు చూపించనైనా లేదు.

ఆ తర్వాత టీ కొట్టు దగ్గర నిలబడ్డాం. టీ తాగుతూ ఆయన మామూలు గొంతుతోనే అన్నారు.

"సార్, బండి నడిపేటోనికి ముందటిది కనబడ్తది. ఎనక నిలబడ్డోళ్ళు కనబడరు. గాళ్ళు మనల్ని నమ్మి నిలబడ్తరు. గాలం కర్ర పట్టుకున్నా గంతే."

మర్నాడు సాయంత్రం డాబా మీద నాకు మొదటి నుంచీ నేర్పారు. పిడికి కాస్త పైన సన్నటి తీగను చిన్న వలయంలా వంచి, దారంతో చుట్టి, కర్రకు కట్టాలి. కొక్కెం దానికే తగిలించాలి. రీలు తిప్పి దారాన్ని బిగించాలి, కానీ కర్ర కొస వంగేంత కాదు. మిగిలిన కొనలు బయటికి కనిపించకుండా చీల్చిన ట్యూబు ముక్క తొడిగి దారంతో చుట్టాలి. చివరగా భుజం మీది తువ్వాలు తీసి కర్ర ఈ కొస నుంచి ఆ కొస దాకా లాగేవారు. ఎక్కడైనా ఒక్క పోగు పట్టుకుంటే అంతా విప్పి మళ్ళీ కట్టమనేవారు. నేను తొమ్మిదిసార్లు విప్పాను. కోచింగులో పిల్లలు ఒకే లెక్క మూడుసార్లు తప్పు చేస్తే విసుక్కునే నేను, పదోసారికి ఆయన ముఖంలో విసుగు కోసం వెతికాను. కనిపించలేదు. ఆ వారం నుంచి నా క్లాసులో నేను కూడా కొంచెం మారాను. ఆ మార్పు పిల్లలే ముందు గమనించారు.

కొన్ని నెలల తర్వాత ఒక ఆదివారం బస్సు కిటకిటలాడుతోంది. కండక్టరు కొత్త కుర్రాడు. గాలాలతో ఎక్కనివ్వనన్నాడు. యాదగిరి గారు తాను ముప్పై ఏళ్ళు బస్సే నడిపానని చెప్పలేదు. అతను అన్నది న్యాయమేనని ఒప్పుకుని, తువ్వాలు అతని చేతికే ఇచ్చి, కర్రల మీద లాగి చూడమన్నారు. అతను నమ్మకం లేకుండానే రెండు కర్రల మీదా తుడిచినట్టు లాగాడు. గుడ్డ నున్నగా జారిపోయింది. ఎక్కమన్నాడు.

హయత్‌నగర్ దాటాక ముందు వెళ్తున్న పండ్ల లారీ ఒక్కసారిగా ఆగింది. మా డ్రైవరు బ్రేకు తొక్కాడు. నిలబడ్డవాళ్ళంతా ముందుకు పడ్డారు. చంకలో పసిపిల్లతో ఉన్న ఒకామె నేరుగా నా మీద పడింది. ఆ పిల్ల ఆసరా కోసం చేయి చాచి నా కర్రను పట్టుకుంది, సరిగ్గా కొక్కేలున్న చోటే. యాదగిరి గారు అందరినీ తోసుకుని వచ్చి పిల్ల పిడికిలి మెల్లగా విప్పారు. ఒక్కో వేలూ చూశారు, అరచేయి చూశారు. గీత కూడా పడలేదు. ఆ రోజు ఆ కర్ర కట్టింది నేనే, ఆయన చేయి వేయలేదు. పిల్లను తల్లికి అందించి నా వైపు తిరిగారు.

"మంచిగ కట్టినవ్ సార్."

అంతే అన్నారు. మొట్టమొదటిసారి నన్ను నువ్వు అన్నారని ఇంటికి వచ్చాక గానీ నాకు తట్టలేదు. నా విద్యార్థులకు ర్యాంకులు వచ్చినప్పుడు సెంటర్ వాళ్ళు నాకు శాలువాలు కప్పారు. ఏ శాలువా కప్పినప్పుడూ నాకు అంత గర్వం కలగలేదు.

రెండేళ్ళ కిందట ఆయన పోయారు. పెద్ద జబ్బేమీ లేదు, నిద్రలోనే. దినాలు అయ్యాక వాళ్ళ ఆవిడ నన్ను పిలిచి ఆయన గాలం కర్రలు ఇచ్చారు. ఆఖరిసారి చెరువు నుంచి వచ్చి పెట్టినట్టే ఉన్నాయి. కొక్కేలు వలయాల్లో ఉన్నాయి, రబ్బరు తొడుగులు సరిగ్గా ఉన్నాయి, దారాలు తగినంత బిగువులో ఉన్నాయి. ఇంట్లో మనవరాలు ఆడుకుంటూ ఉంటుంది కదమ్మా, ఇవి ఎక్కడ పెట్టేవారని అడిగాను. తలుపు ఎనకనే పెడుతుండె, మాకెప్పుడు భయం కాలె అన్నారావిడ.

పోయిన నెల చెరువు కట్ట మీద కొత్తవాళ్ళు కొందరు కనిపించారు. ఐటీ ఉద్యోగులు. వాళ్ళలో ఒక అమ్మాయి కర్ర భుజాన వేసుకుని, కొక్కేలు వెనక ఊగుతుంటే నడుస్తోంది. ఆపి, విషయం చెప్పి, అక్కడే కూర్చోబెట్టి వలయం కట్టించాను. మూడుసార్లు విప్పించాను. ఆ అమ్మాయి ఓపికగా కట్టింది. నాలుగోసారి సరిగ్గా కుదిరాక, ఇంత పద్ధతిగా ఎవరు నేర్పారండీ, పెద్ద ఛాంపియనా అని అడిగింది. కాదమ్మా, బస్సు డ్రైవరు అన్నాను. ఆయన గాలం వల్ల ఇన్నేళ్ళలో ఒక్క మనిషికీ గీత పడలేదన్నాను. ఆ అమ్మాయి కర్ర వంక ఒకసారి చూసుకుని, ఆయన పేరేమిటని అడిగింది.

యాదగిరి అని చెప్పాను. నేను చెప్పిన తీరు చూసి కాబోలు, ఆ అమ్మాయి లేచి నిలబడింది.