ఇద్దరూ రావాలి

డాక్టరమ్మ మంగళవారం ఉదయం ఆరుంబావుకు వికారాబాద్‌లోని తన ఇంట్లో చనిపోయారు. గుండె ఆగిపోయింది. తొమ్మిదిన్నరకు నేను తాండూరులో ఆమె క్లినిక్ ముందున్నాను. షట్టర్ వేసి ఉంది. బయట పదకొండు మంది కూర్చొని ఉన్నారు. వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. నేనే చెప్పాల్సి వచ్చింది.

యాలాల్ నుంచి వచ్చిన ఒకామె ఒళ్ళో ఫైలు, ఎక్స్‌రే కవరు సర్దుకుంది. తర్వాత అడిగింది: "గీ టైంల అడుగొద్దు గని మేడం, నా ఛాతీ ఫొటో ఇగ ఎవరు చూస్తరు?"

ఫైలు ఇమ్మని చేయి చాపాను.

తాండూరులో బోర్డు మీద 'కుటుంబ వైద్యం' అని మొదట రాయించింది డాక్టరమ్మే. అది గుండెకా, కడుపుకా అని జనం అడిగితే "ఇంటికి" అనేవారట. మనిషికో చీటీ కాదు, ఇంటికో ఫైలు. ఎడమ పేజీ భర్తకు, కుడి పేజీ భార్యకు; పిల్లలు, ముసలివాళ్ళు వెనక. అంతా తెలుగులో, విడివిడి అక్షరాల్లో. ఫైలు ఇంటివాళ్ళ దగ్గరే ఉండాలి. "నేను రాసింది నాకొక్కదానికే అర్థమైతే ఏం ఫాయిదా?" అనేవారు.

రోజూ వికారాబాద్‌లో రైలెక్కేవారు. నేనూ అదే రైలు. ధారూర్‌లో ఎక్కినవాళ్ళు సీటు కన్నా ముందు ఆమెను వెతికేవారు. "డాక్టరమ్మ ఓపీ ధారూర్ కాడనే షురూ" అని చాయ్ అమ్మే అతను నవ్వేవాడు. ఆమె మాత్రం ఎవరితోనో అంటుండేవారు: "నాలుక చూపియమన్న, ముచ్చట చెప్పమనలే."

ఒకసారి మా పేపర్లో, తాండూరు నాపరాతి బండల పాలిష్ యూనిట్లలో కార్మికుల దగ్గు మీద వార్త రాశాను. మర్నాడు రైల్లో ఆమె పేపరు మడిచి నా ఒళ్ళో పెట్టారు.

"యూనిట్ కాడ అందర్ని అడిగినవ్. ఇంటికాడ ఆ దుమ్ము బట్టలు దులిపేది ఎవరో అడిగినవా, బిడ్డా?"

అడగలేదు. ఎదురెదురు పేజీల్లో ఆమె చూసింది అదే: ముందు ఎడమవైపు దగ్గు, కొన్నేళ్ళకు కుడివైపు దగ్గు. ఆ రెండో వార్త నేనింకా రాయలేదు.

క్లినిక్ ముందు ఆ ఉదయం, యాలాల్ నుంచి వచ్చినామె ఫైలు తెరిచాను. కుడి పేజీ నిండిపోయింది. ఎడమ పేజీలో భర్త పేరు తప్ప ఏమీ లేదు. అతను పాలిష్ పనివాడు. భార్యను బండి మీద తెచ్చి దింపి ఎప్పుడూ రోడ్డు మీదే ఆగిపోతాడు. "నీ దగ్గు గూడ ఆమెనే దగ్గాల్నా?" అని డాక్టరమ్మ లోపలి నుంచి కేకేసినా వచ్చేవాడు కాదట.

కుడి పేజీ చివరి వరుస పైకి చదివాను: "సోమవారం పది గంటలకు వికారాబాద్‌లో ఛాతీ డాక్టరు. ఇద్దరూ రావాలి. నేను స్టేషన్‌లో ఉంటాను."

రోడ్డు మీద నుంచి భర్త దగ్గరకొచ్చి ఆ వరుస చూశాడు. "గామె ఇగ స్టేషన్‌కు రాదు గద" అన్నాడు.

"నువ్వొస్తవా రావా? గది చెప్పు" అంది భార్య.

అతను దగ్గాడు. ఆగి, నన్ను అడిగాడు: "రైలెన్ని గంటలకు?"

సోమవారం ఎనిమిదికి, తాండూరులో. పదింటికి ఇద్దరి ఛాతీ ఫొటోలు. ఎడమ పేజీలో మొదటి వరుస ఛాతీ డాక్టరు రాయాలి. వికారాబాద్ స్టేషన్‌లో నేనుంటాను.