పారబోసిన నీళ్ళు

కనకరత్నం ఆ ఇంట్లో పనికి చేరి ఇరవై ఏళ్ళు దాటింది. రంగూన్ ఇరవయ్యారో వీధిలో, యూదుల గుడికి నాలుగిళ్ళ అవతల ఉండే పాత ఇల్లు అది. అందులో మిగిలింది ఇద్దరే, ముసలి ఎజ్రాగారూ ఆయన అక్క మొజెలమ్మగారూ. సైన్యం దుకాణాలూ మిల్లులూ లాక్కున్న రోజుల్లోనే వాళ్ళ చుట్టపక్కాలందరూ ఓడలెక్కి వెళ్ళిపోయారు. వీళ్ళు మాత్రం నాన్న సమాధినీ, ముసలి తల్లినీ వదల్లేక ఉండిపోయారు. ఎజ్రాగారి తండ్రి అహ్లోన్ బియ్యం మిల్లులో గుమాస్తా. ఎజ్రాగారు అక్కడి తెలుగు కూలీల పిల్లలతో ఆడుకుని పెరిగాడు గనక ఆయనకి తెలుగు వచ్చు.

కనకరత్నానికి ఆ ఇంటి పద్ధతులన్నీ నోటికే వచ్చు. శుక్రవారం పొద్దుగూకితే వాళ్ళు పొయ్యి ముట్టరు, ఈవిడే వెలిగించాలి. ఇంట్లో ఎవరైనా పోతే బిందెల్లో, కుండల్లో నిలవున్న నీళ్ళన్నీ పారబోయాలి. ఎజ్రాగారి అమ్మ పోయినప్పుడు ఆ పని చేసింది కనకరత్నమే. ఎందుకు పారబోస్తారని అప్పుడు అడగలేదు. చావు ముట్టిన ఇంట్లో నీళ్ళు తన వాళ్ళూ ఉంచుకోరు కదా, ఇందులో వింతేముందనుకుంది.

పందొమ్మిదివందల ఎనభై ఎనిమిదిలో సైనిక ప్రభుత్వం మీద ఊరంతా తిరగబడింది. ఆఫీసులు మూతబడ్డాయి, బస్సులు ఆగిపోయాయి. పోలీసులు కనబడటం మానేస్తే వీధికొక కమిటీ పెట్టుకుని, మొగలో వెదుళ్ళు అడ్డం కట్టి జనమే కాపలా కాసుకున్నారు. అంతవరకూ బాగానే ఉంది. ఇంతలో ఇన్సేన్ జైలు తలుపులు తెరిచారనీ, బయటికొచ్చినవాళ్ళ చేతికి సైన్యమే విషం పొట్లాలిచ్చి నీళ్ళలో కలపమన్నారనీ పుకారు లేచింది. చూసినవాడొక్కడూ లేడు, చెప్పనివాడూ లేడు. నిప్పు లేనిదే పొగ రాదంటారు చూడండి, ఆ సామెత పుట్టించినవాణ్ణి ఆ నెల్లో రంగూన్ తీసుకొచ్చి నిలబెట్టాల్సింది.

ఆ రోజుల్లోనే మొజెలమ్మగారు కన్నుమూసింది. ఎజ్రాగారు తన చొక్కా గుండెల దగ్గర చించుకుని, వాళ్ళ ఆచారమే అది, నీళ్ళు పారబొయ్యమని చెప్పి అక్క పక్కన కూర్చున్నాడు. కనకరత్నం వంటింటి బిందెలు ఒంపేసింది. అక్కడితో ఆగితే సరిపోను. గుమ్మం పక్కన, బర్మావాళ్ళందరిలాగే దారినపోయేవాళ్ళ కోసం పెట్టిన చలివేంద్రం ఉంది, చిన్న బల్ల మీద రెండు మట్టికుండలు. అవీ ఈ ఇంటి నీళ్ళే కదా అనుకుంది. పెద్దామె మీద గౌరవం కొద్దీ ఒక కుండ పూర్తిగా ఒంపి, రెండోది వంచుతోంది. ఎవరో చెయ్యి పట్టుకున్నారు.

కమిటీ మనిషి కో థాన్. రోజూ ఆ కుండలో నీళ్ళు తాగేవాడే. వెనక పదిపదిహేనుమంది, చేతుల్లో కర్రలు, ఒకడి చేతిలో కత్తి. మంచి నీళ్ళు ఎందుకు పారబోస్తున్నావని అడిగాడు. ఇందులో ఏం కలిసిందో నీకు తెలుసు గనకే కదా అన్నాడు వెనకనుంచి ఇంకొకడు. నలుగురు కూడి మేకని కుక్కంటే అది కుక్కే. ఎవరు పొయ్యమన్నారో పేరు చెప్తే నిన్ను వదిలేస్తామన్నాడు కో థాన్. అప్పటికే వాళ్ళ కళ్ళు ఆమెని దాటి, చినిగిన చొక్కాతో గుమ్మంలోకొచ్చిన ముసలాయన మీద పడ్డాయి.

 పేరు చెప్తే కనకరత్నం ఇంటికి పోతుంది, ఆయన పోడు. కనకరత్నం నాన్న రేవులో మూటలు మోసిన మనిషి. పందొమ్మిదివందల ముప్పై కొట్లాటల్లో బర్మావాళ్ళు కోరంగివాడెవడని, అంటే తెలుగువాడెవడని, వెతికి వెతికి కొట్టినప్పుడు, మూటల మధ్య నక్కి బతికాడు. ఆ కథ ఆమె ఉగ్గుపాలతో విన్నది.

ఎవరూ చెప్పలేదంది బర్మా భాషలో. చావైన ఇంట్లో నీళ్ళుంచుకోవడం మా తెలుగువాళ్ళలో లేదు, నేనే పోశానంది. అయితే ఉన్నవి తాగమన్నారు. రెండో కుండ ఎత్తి, పైట తడిసిపోతున్నా ఆపకుండా తాగింది. వాళ్ళు నిలబడి ఆమె ఎప్పుడు పడిపోతుందా అని చూశారు. పడలేదు. చివరికి కో థాన్ తల దించుకుని వెళ్ళిపోయాడు. క్షమించమని మాత్రం అనలేదు.

సాయంత్రం సమాధులతోటలో పని ముగించుకొచ్చాక ఎజ్రాగారు నేల మీద కూర్చుని, ఇది మాకు కొత్త కాదన్నాడు. యూరప్‌లో వెనకటికి మహమ్మారి వచ్చి ఊళ్ళకి ఊళ్ళు చచ్చిపోతుంటే, యూదులు నూతుల్లో విషం కలిపారన్నారట. కొన్నిచోట్ల ఇళ్ళలో పెట్టి తగలబెట్టారట.

"ఏటి తప్పు సేసేరు బాబూ మీవోల్లు?" అంది కనకరత్నం.

తప్పు ముందే రాసిపెట్టి ఉందన్నాడాయన. క్రైస్తవులు తమ దేవుణ్ణి చంపినవాళ్ళు యూదులేనని చర్చిల్లో తరతరాలుగా చెప్పారు. భూమి కొననివ్వలేదు, చేతిపనుల్లోకి రానివ్వలేదు. వడ్డీవ్యాపారమొక్కటీ వదిలి, ఆ తర్వాత పిసినారులన్నారు. ఇక రోగమొచ్చేసరికి ఎవరిమీద వెయ్యాలో వెతుక్కోనక్కర్లేకపోయింది.

"నూతిలో నీళ్ళు అందరూ తాగుతారు రత్నం. మావాళ్ళూ అవే తాగేరు, మావాళ్ళూ చచ్చిపోయేరు. అది ఎవరూ అడగలేదు."

ఆమెకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఎంత బుద్ధిలేని జనం అనుకుంటూ అహ్లోన్‌లో తన ఇంటికి నడిచి వెళ్ళింది.

వాళ్ళ వీధి కొళాయి దగ్గర గుంపుంది. మధ్యలో ఎవరో ఆడమనిషి, జుట్టుముడి ఊడిపోయి, ఏదో చెప్పబోతోంది. పొరుగింటి చిన్నతల్లి ఎదురొచ్చి, ఏటి అవతల దలా నించి వచ్చి పడవ దిగిందట, చేతిలో తెల్లపొడి పొట్లం దొరికిందట అంది. కనకరత్నం ఆగలేదు. గబగబా ఇంట్లోకి పోయి తలుపేసుకుని, పొద్దున ఆ కొళాయి నించే పట్టుకున్న నీళ్ళు, కుండ, బిందె, పిల్లల చెంబుతో సహా పెరట్లో పారబోసింది. ఆఖరి చెంబు ఒంపుతుండగా తన చేతులు తనకే కనపడ్డాయి. పరుగున బయటికొచ్చింది. కొళాయి దగ్గర ఎవరూ లేరు. చిరిగిన పొట్లం, నెత్తురు కలిసిన తడినేల మీద పడి ఉంది. వంగి తాకి వాసన చూసింది. ఇక్కడి ఆడవాళ్ళందరూ ముఖానికి రాసుకునే తనాకా, చెట్టుబెరడు పొడి.

తెల్లారి పనికొచ్చింది గానీ పొయ్యి దగ్గరికి పోలేదు. ఎజ్రాగారికి ఎదురుగా నేల మీద కూలబడింది.

"నిన్న మా ఇంట్లో నీళ్ళన్నీ పారబోసీసేను బాబూ."

ఆయన గాభరాగా తలెత్తాడు. "అయ్యో. ఎవరు పోయారు రత్నం?"



"పేరు తెల్దు బాబూ. అడగనేదు నాను."