సింహాద్రి మావయ్య పేరుతో నేను రాసిన కాగితం

"అచ్చం ఆయన మాట్లాడినట్టే ఉండాలి, బౌదీ."

వదినా అన్నట్టు బెంగాలీలో బౌదీ అని పిలుస్తూ పార్టీ మనిషి ఆ మాట అన్నప్పుడు నా చేతిలో టీ గ్లాసుంది. తెలుగులో కరపత్రం రాసిపెట్టమంటే సరేనన్నాను. ఎవరి పేరుతో రాయాలో అప్పుడే తెలిసింది. అయినా గ్లాసు పక్కన పెట్టి పెన్ను తీసుకున్నాను. ఐదేళ్ళుగా మోస్తున్నాను దీన్ని. మా ఆయనకీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

ఈ బెంగాలీ ఊళ్ళో, రేవు పక్కన ఏక్‌బాల్‌పూర్‌లో మా తెలుగువాళ్ళవి నాలుగు సందులు. కార్పొరేషన్ ఎన్నికల్లో మా వార్డులో రెండు పెద్ద పార్టీల గెలుపోటములు తేల్చేది ఆ సందుల ఓట్లే. ఆ ఏడు, మూతపడ్డ తెలుగు బడి కోసం సింహాద్రి మావయ్య ఇండిపెండెంటుగా నిలబడ్డాడు. రిటైరైన క్రేను డ్రైవరు. సందులో అందరికీ మావయ్యే. రెండు పార్టీలూ మద్దతడిగాయి. "ఆలకి మన ఓట్లు కావాల, మనం అక్కర్నేదు" అని నవ్వి పంపేశాడు.

"ఆయన ఎలాగూ గెలవడు. ఓట్లు చీలితే అవతలివాళ్ళొస్తారు" అన్నాడు పార్టీ మనిషి. తర్వాత మెల్లగా, మా ఆయన సంగతెత్తి, "దాదా రేవు పని పాసు ఈ నెలతో అయిపోతుంది కదా?"

భయపడి రాశానా? అవును. భయమొక్కటేనా? నా చిన్నప్పుడు బడి మూసేశాక తన గుమ్మం ముందు కూర్చోబెట్టి నాకు అక్షరాలు నేర్పింది మావయ్యే. ఆయన పలుకు నాకు కొట్టినపిండి. "నాను తప్పుకున్నాను, మన ఓట్లు ఆలకే ఎయ్యండి" అన్న వాక్యం బాగా కుదరాలని మూడుసార్లు కొట్టేసి రాశాను. ఓట్లు చీలతాయన్న మాట నిజమే కావచ్చు. అయితే నా పేరుతో చెప్పొచ్చుగా?

పోలింగు ముందురోజు, అచ్చేసి పంచిన ఆ కాగితం పట్టుకుని మావయ్య మా ఇంటికొచ్చాడు.

"సదువు గుంటా. నా కళ్ళు ఆనట్నేదు."

నా వాక్యాలే నేను చదివాను.

"నా మాటలాగే ఉందే! ఎవులు రాసుంటారు?"

"తెలీదు మావయ్యా."

కాసేపు నన్నే చూశాడు. "బాగా రాసినారు" అని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

సాయంత్రం దాకా ఇల్లిల్లూ తిరిగి అబద్ధమని చెప్పుకున్నాడట. టీ కొట్టు దగ్గర "ఎంతకి అమ్ముకున్నావేటి?" అని నవ్వారు. నాచేత కాగితం రాయించిన పార్టీ గెలిచింది. మా ఆయన పాసు వచ్చింది. బడి తెరవలేదు. రెండేళ్ళకి మావయ్య పోతే, పాత సావాసగాళ్ళు చాలామంది ఆ గడప తొక్కలేదు.

ఆయనకి తెలుసా? తెలిసే నా పేరు ఎవరికీ చెప్పలేదా? ఇక అడగడానికి లేదు.

ఇవాళ మా పెద్దమ్మాయి నవ్వుతూ చెప్పింది: మావయ్య మనవరాలు పార్వతిని ఆటలో చేర్చుకోరట. "అమ్ముడుపోయిన తాత మనవరాలు" అంటారట. అనేవాళ్ళలో ఇదీ ఉంది. కొట్టడానికి చెయ్యెత్తి, దించేశాను.

తెల్లారింది. చివరి నాలుగు ముక్కలు ఇప్పుడు రాస్తున్నాను. పెద్దదానికి జడ వేస్తూ, చిన్నదాన్ని కూడా పిలిచి చెప్పాను. "పార్వతి వాళ్ళ తాత అమ్ముడుపోలేదు. ఆ కాగితం రాసింది నేను."

జడ చివర రిబ్బను ముడేశాను.

"పార్వతికి చెప్పనా?" అంది పెద్దది, వెనక్కి తిరక్కుండానే.

"చెప్పు. అందరి ముందూ చెప్పు."